చంద్రుడికి బస్సు గ్రీజు

మేస్త్రీ బతుకంతా వస్తువుల అడుగు భాగం చూస్తూనే గడిచింది. డిపోలో ఒక పొడవాటి సిమెంటు గుంత ఉండేది. బస్సు వచ్చి దాని మీద ఆగితే అతను గుంతలోకి దిగి, తల పైకెత్తి, ఆ బస్సు కడుపు కింద నిలబడేవాడు. ఎండిన బురద, తుప్పు, కాగిన నూనె వాసన. పైన సీట్లలో ఎవరు కూర్చున్నారో, ఎవరు ఎవరి కోసం వెళ్తున్నారో అతనికి తెలియదు. వాళ్ళందరినీ మోసే ఇరుసులతో మాత్రం చుట్టరికం ఉంది.

అతని భార్య కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు అటెండరు. పిల్లలు ల్యాబక్క అనేవాళ్ళు. పగలు కటకాలు తుడిచి పెట్టెల్లో సర్దేది, సాయంత్రమైతే మేడెక్కి ఆకాశం చూసేది. మనిద్దరం తలెత్తుకునే బతికాం, కాకపోతే మీ తల మీద బస్సు, నా తల మీద చుక్కలు అని నవ్వేది. ఉద్యోగాలు అయిపోయాక కూడా ఆ మాట ఇంట్లో అప్పుడప్పుడూ తిరుగుతూనే ఉండేది, ఎంత తోలినా మళ్ళీ వచ్చే పిల్లిలా.

టెలిస్కోపు వాళ్ళింటికి వచ్చిన దారి కూడా అలాంటిదే. కాలేజీ పాత భవనం ఖాళీ చేస్తున్నప్పుడు విరిగిన బెంచీల వెనక దొరికింది. ఒక కాలు విరిగి, గొట్టం మీద దుమ్ము అట్టకట్టి ఉంది. పారేస్తామంటే ఆమె అడిగి తెచ్చుకుంది. విరిగిన కాలికి మేస్త్రీ బస్సు స్ప్రింగు పట్టీతో కట్టు కట్టాడు. అది ఇప్పటికీ ఊడలేదు. అసలు చిక్కు కాళ్ళ పైన, గొట్టం కింద ఉన్న ఇనుప భాగంతో వచ్చింది. గొట్టాన్ని మోసేదీ, తిప్పేదీ అదే. ఆమె దాన్ని మౌంటు అనేది. మేస్త్రీకి అది మెడ. రెండు ఇరుసులు, ఒక్కో ఇరుసుకు ఒక పళ్ళ చక్రం, ఆ పళ్ళను కరుచుకుని తిరిగే మెలికల కడ్డీ, కడ్డీ చివర వేళ్ళతో తిప్పే చిన్న పిడి. పిడి తిప్పితే మెడ వెంట్రుకవాసి చొప్పున కదులుతుంది. ఆకాశం జారిపోతుంటే దాని వెంట వెళ్ళడానికి అంత నెమ్మదితనం కావాలి.

మెడ బిగిసిపోయింది, కాస్త చూడండి అని ఆమె అడిగిన రోజున మేస్త్రీ తనకు తెలిసిన పని చేశాడు. బస్సు చక్రాల బేరింగులకు పెట్టే గ్రీజు డబ్బా తెచ్చి, కొత్త గ్రీజు అవతలి వైపు నుంచి పొంగుకొచ్చేదాకా కూరాడు. డిపోలో నేర్పిన పద్ధతి అదే. మెడ తిరిగింది. కానీ బురదలో నడిచే మనిషిలా తిరిగింది. దాంతో అతను ఇంట్లో శాశ్వతంగా దొరికిపోయాడు. చుక్కలన్నీ మీ డిపో బస్సుల్లా ఆలస్యంగా వస్తున్నాయండీ అని ఆమె వచ్చిన ప్రతివాళ్ళ ముందూ అనేది. ఆమె తమ్ముడు, పక్క ఊళ్ళో హైస్కూలు మాస్టారు, ఇంకో అడుగు ముందుకు వేశాడు. చంద్రుడి మీద ఉన్న మచ్చ పుట్టుమచ్చ కాదనీ, బావ చెయ్యి తగిలి అంటిన గ్రీజు మరక అనీ అతని సిద్ధాంతం.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ బరువు మెడతోనే ఆమె ఆకాశం చూసింది. మేస్త్రీని మాత్రం పిడి ముట్టుకోనిచ్చేది కాదు. కింద నిలబడి చూడమనేది, అంతే.

ఈ మధ్య ఆమె మేడెక్కడం తగ్గింది. ముందు మోకాళ్ళన్నది, తర్వాత మబ్బులన్నది. మబ్బులు లేని ఒక సాయంత్రం కిందకి దిగి వచ్చి మంచం అంచున కూర్చుని, అసలు మాట చెప్పింది. పిడి తిరగడం లేదు. చేతుల్లో బలం పోయింది. ఇంక చాలు. మర్నాడే తమ్ముడికి ఫోను చేసి, మీ స్కూలు పిల్లలకి పనికొస్తుంది, వచ్చి తీసుకుపో అంది. అతను ఆదివారం వ్యాను మాట్లాడుకుని వస్తానన్నాడు.

మేస్త్రీ పక్క గదిలోంచి ఆ ఫోను విన్నాడు. విని, చాలా రోజులుగా విననట్టు ఉన్న వేరే చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా విన్నాడు. కాఫీలో చక్కెర కలిపేటప్పుడు చెంచా కప్పు అంచుకు తగిలే సన్నని చప్పుడు. అది ఇదివరకు లేదు. తాళంచెవి కన్నం చుట్టూ వెతుక్కునే చప్పుడు. ఇప్పుడు ఆమె కప్పుల్లో సగానికే పోస్తోంది. బొత్తాల జాకెట్టు మానేసి, తల మీంచి దూర్చుకునే స్వెట్టరు వేసుకుంటోంది. ఇవన్నీ అతనికి తెలుసు. తెలిసి, పనికిరాని నట్టుల డబ్బాలో పడేసినట్టు ఎక్కడో పడేశాడు.

డిపోలో అతనికి పని నేర్పిన ఫోర్‌మన్ ఒక పద్ధతి పెట్టాడు. స్టీరింగు బరువుగా ఉందని డ్రైవరు ఫిర్యాదు చేస్తే, ముందు బండిని అనుమానించాలి. బండిలో ఉన్న ప్రతి కీలూ విప్పి, కడిగి, అన్నీ బాగున్నాయని తేలాకే మనిషి వైపు చూడాలి. మనిషిని అనుమానించడం తేలిక కాబట్టి అది చివర పెట్టుకోవాలని ఆయన అనేవాడు. మేస్త్రీ ఉద్యోగమంతా అలాగే చేశాడు. చాలాసార్లు బండిదే తప్పు తేలేది. డ్రైవరు వచ్చి భుజం తట్టి వెళ్ళేవాడు.

ఒక్కసారి మాత్రం అలా కాలేదు. నెమ్మదస్తుడైన ఒక పెద్ద డ్రైవరు స్టీరింగు లాగలేకపోతున్నానన్నాడు. మేస్త్రీ మొత్తం విప్పాడు. ఎక్కడా ఏమీ లేదు. మళ్ళీ బిగించి, బండి బాగుందని సంతకం పెట్టాడు. ఆ సంతకంతో డ్రైవరు భుజం సంగతి బయటపడింది. అతన్ని బండి దింపి టిక్కెట్ల గదిలో కూర్చోబెట్టారు. ఆ డ్రైవరు కోప్పడలేదు. గుంత అంచున నిలబడి, కింద ఉన్న మేస్త్రీని చూసి, ఏదో ఒకటి దొరుకుతుందనుకున్నానయ్యా అని మాత్రం అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే మేస్త్రీ బాల్కనీలో పాత దుప్పటి పరిచాడు. టెలిస్కోపును మేడ మీంచి దించి తెచ్చి, ముందు గొట్టం విప్పి మంచం మీద పడుకోబెట్టాడు. దాని తర్వాతే గొట్టానికి సరితూగేలా అవతలి వైపు తగిలించిన బరువు గుండ్లు తీశాడు. ఈ వరస తప్పితే గొట్టం విసురుగా తిరిగి నేలకేసి కొట్టుకుంటుంది. ఒక అట్టముక్కకు కన్నాలు పొడిచి, విప్పిన మరలను విప్పిన వరసలోనే గుచ్చుకుంటూ పోయాడు.

ఆమె గుమ్మంలో నిలబడింది. చేతులు స్వెట్టరు జేబుల్లో ఉన్నాయి.

"ఇచ్చేసేదానికి ఇంత సేవ ఎందుకండీ?"

"ఇచ్చేది శుభ్రంగా ఇవ్వాలి కదా."

"పాత బస్సుల్ని వేలానికి పంపేటప్పుడు కూడా ఇలాగే కడిగేవారా?"

"కడిగేవాళ్ళం. కొంతమంది ఏడ్చేవాళ్ళు కూడా. కిరసనాయిలు కళ్ళలో పడిందనేవాళ్ళు."

ఆమె నవ్వి లోపలికి వెళ్ళింది. మేస్త్రీ నవ్వలేదు. ఇది శుభ్రం చేయడం కాదని అతనికి తెలుసు. మెడలో తప్పు దొరికితే ఆమె చేతుల్లో తప్పు లేనట్టు. దొరకకపోతే, ఆ గుంత అంచున నిలబడిన మనిషి ఈసారి తన ఇంట్లోనే ఉంటుంది.

పక్క మూత తీయగానే అతని గుండె కాస్త తేలికపడింది. లోపలి గ్రీజు గట్టిపడి జిగురైపోయింది. అంచుల్లో మైనంలా పెచ్చులు కట్టింది. పళ్ళ చక్రం దాన్లో చీమలా ఇరుక్కుని ఉంది. దీన్ని తిప్పాలంటే ఎవరి చేతికైనా కష్టమే. చూశావా అని పిలవబోయి ఆగాడు. ఇంకా సగం పనే అయింది.

పుల్లతో గీకి తీశాడు. తీసిన గ్రీజు కాగితం మీద ముద్దగా చేరింది. దాని మడతల్లో ఒకచోట ఎర్రగా, ఒకచోట తారులా నల్లగా, వాళ్ళు గడిపిన ఏళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టుగా ఉంది. ఇత్తడి చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి పళ్ళు తోముకునే బ్రష్షుతో పంటి పంటికీ మధ్య రుద్దాడు. ప్లాస్టిక్ వాషర్లను మాత్రం సబ్బునీళ్ళతో కడిగాడు, కిరసనాయిలు వాటికి పడదు. నల్లటిదంతా కరిగిపోయి, దాని కిందనుంచి ఇత్తడి అప్పుడే నిద్ర లేచినట్టు పచ్చగా బయటికి వచ్చింది. ఒక్క పన్ను కూడా అరగలేదు.

కొత్త గ్రీజు విషయంలో ఈసారి అతను జాగ్రత్తపడ్డాడు. కాలేజీ మైక్రోస్కోపులు బాగుచేసే అతన్ని అడిగి తెల్లటి, పలచటి గ్రీజు చిన్న ట్యూబు తెచ్చుకున్నాడు. కూరకూడదు, వేలికొసతో కంటికి కాటుక పెట్టినంత రాయాలి అని అతను మరీ మరీ చెప్పాడు. మేస్త్రీ అలాగే రాశాడు. చక్రానికీ కడ్డీకీ మధ్య పట్టు మరీ బిగిస్తే తిరగదు, వదిలితే ప్లే వచ్చి లొడలొడలాడుతుంది. మరను పావు చుట్టు బిగించి తిప్పి, అరపావు వదిలి తిప్పి చూశాడు. చివరికి పిడి రెండు వేళ్ళ మధ్య నీళ్ళలో చేపలా కదిలింది.

పని అయిపోయింది. అతను అయిపోనివ్వలేదు. శనివారం పొద్దున మళ్ళీ మూత విప్పి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూశాడు. ఉన్నాయి. కాళ్ళ కట్టు బిగించాడు. అది బిగుసుగానే ఉంది. మధ్యాహ్నం బరువు గుండ్ల తుప్పు ఇసుక కాగితంతో రుద్దాడు. గుండ్ల తుప్పుకీ చంద్రుడికీ సంబంధమేమిటని ఆమె అడిగితే, మర్యాద అన్నాడు. విప్పడానికి ఇంకేమీ మిగలనప్పుడు, సాయంత్రం ఒకసారి చూస్తావా అని అడిగాడు. ఆమె ఇచ్చేముందు ఒకసారి చూడాలిగా అంది.

ఎండ పోయి చీకటి పడని వేళ. సగం చంద్రుడు అప్పటికే నడినెత్తిన ఉన్నాడు, పగలే వచ్చి ఎవరూ పలకరించకపోతే నిలబడిపోయిన చుట్టంలా. మేడ మీద తీగకు ఆరేసిన బట్టలు కదలకుండా వేలాడుతున్నాయి. ఆమె కంటి కటకం దగ్గరికి వంగి, జేబులోంచి కుడిచెయ్యి తీసి, పిడి పట్టుకుంది.

"అబ్బ," అంది మెల్లగా. "ఎంత తేలిగ్గా తిరుగుతోందండీ."

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. బండిదే తప్పు. బండిదే. ఆ క్షణం అతను గుంతలోంచి ఎక్కి వచ్చి వెలుతుర్లో నిలబడ్డట్టుంది.

తర్వాత ఆమె కన్ను తీసి, మళ్ళీ పెట్టింది.

"కాళ్ళు వదులుగా ఉన్నాయేమో చూడండి."

అతను వంగి కాళ్ళు పట్టుకుని కదిపి చూశాడు. బండరాయిలా ఉన్నాయి. ఏమైందని అడిగాడు. చూడండి అని ఆమె పక్కకి జరిగింది, చెయ్యి మాత్రం పిడి మీదే ఉంచింది. అతను కన్ను పెట్టాడు. వెలుగూ చీకటీ కలిసే అంచున గుంతలూ కొండలూ, అంత దగ్గరగా, అంత తెల్లగా. అవన్నీ సన్నగా వణుకుతున్నాయి. గిన్నెలో నీళ్ళ మీద నీడ వణికినట్టు, ఆగకుండా, ఒకే లయలో వణుకుతున్నాయి.

"గాలి," అన్నాడు మేస్త్రీ.

ఆమె తీగ మీది బట్టల వైపు చూసింది. అతను కూడా చూశాడు.

అప్పుడు ఆమె ల్యాబులో పిల్లలకు ఏళ్ళ తరబడి చూపించిన పని చేసింది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావి ఉన్నవి ఉన్నట్టే ఉండాలి అని వాళ్ళకి చెప్పేది. మీరు చూస్తూనే ఉండండి అని, పిడి మీంచి చెయ్యి తీసింది. చంద్రుడు నిలిచాడు. కాసేపటికి చెయ్యి పెట్టింది. వణికాడు. తీసింది. నిలిచాడు. ఎడమచెయ్యి పెట్టింది. కొంచెమే వణికాడు. మళ్ళీ కుడిచెయ్యి. మేస్త్రీకి కన్ను తీయాలని ఉంది, తీస్తే ఆమె ముఖం చూడాలి. అందుకని చూస్తూనే ఉండిపోయాడు. చంద్రుడు తనంతట తాను అంచుకు జారి, కటకంలోంచి వెళ్ళిపోయి, నల్లటి గుండ్రం మిగిలింది.

"నా చెయ్యేనండీ," అంది ఆమె. గొంతులో ఏడుపు లేదు. లెక్క తేలినప్పుడు పిల్లలకి చెప్పే గొంతే.

"ఎప్పటినుంచి?"

"ఎట్లా తెలుస్తుంది? ఇన్నాళ్ళూ మీ బస్సు గ్రీజు నన్ను కాచింది."

అతను తల ఎత్తాడు. ఆమె మిగతాది నెమ్మదిగా చెప్పింది. కప్పులూ బొత్తాలూ చేతిలో వణికినప్పుడల్లా మేడెక్కి చుక్కల్ని చూసేదట. అవి కదలకుండా ఉండేవి. కదలడం లేదంటే చేతికి ఏమీ లేదనుకుని దిగివచ్చేదట. ఆ బరువు గ్రీజులో సన్నని వణుకంతా మునిగిపోయేదని ఇప్పుడు అర్థమవుతోంది. పిడి బొత్తిగా తిరగడం మానేసినప్పుడు మాత్రం భయపడింది. డాక్టరు దగ్గరికి వెళ్ళే బదులు టెలిస్కోపునే ఇంట్లోంచి పంపించేయాలనుకుంది. ఎదురుగా లేకపోతే అడిగే దిక్కు ఉండదు కదా అనుకుంది.

మేస్త్రీ ఏదో ఒకటి అనాలనుకున్నాడు. వయసన్నాక ఉంటుందనో, నాకూ వణుకుతుందనో. అతని చేతులు వణకవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అతను ఒంగి, అవసరం లేకపోయినా, స్పానర్లు ఏరి సంచిలో వేసుకున్నాడు. తన చేతులతో తాను విప్పి, ఆమెకున్న ఒక్క చాటూ గీకి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పారేశాడు. బండి బాగుందని మళ్ళీ సంతకం పెట్టాడు.

ఆదివారం పొద్దున బావమరిది వ్యానుతో వచ్చేసరికి బాల్కనీలో మళ్ళీ దుప్పటి పరిచి ఉంది. మెడ మళ్ళీ ముక్కలుముక్కలుగా ఉంది. అట్టముక్క మీద మరలన్నీ వరసగా గుచ్చి ఉన్నాయి.

"ఏంటి బావా, టెలిస్కోపు పట్టుకెళ్ళమంటే స్పేరుపార్టులు ఇస్తున్నావా? పిల్లలకి సైన్సు చెప్పాలా, మెకానిజమా?"

మేస్త్రీ తలెత్తలేదు. బావ నోట్లోంచి ఎదురు జోకు రాకపోవడం అతను ఎన్నడూ చూడలేదు. అక్క వైపు తిరిగాడు. ఆమె జేబులోంచి చెయ్యి తీసి, అతని ముందు చాపింది. అతను ఆ చేతిని చాలాసేపు చూసి, చెప్పులు విప్పి వచ్చి నేల మీద కూర్చున్నాడు. కొంతసేపయ్యాక లేచి, కిందికి వెళ్ళి వ్యాను వెనక్కి పంపించి వచ్చాడు.

ఆమె కూడా దుప్పటి అంచున కూర్చుంది. మేస్త్రీ అటక మీంచి దించిన పాత డబ్బా మూత తీశాడు. గుంత వాసన వచ్చింది. బస్సు గ్రీజు, అడుగున కాస్త మిగిలి ఉంది. పుల్లతో కొంచెం తీసి తెల్లటి గ్రీజుతో కలిపాడు. ఈసారి ఎంత కలపాలో అతనికి తెలియదు. ఏ డిపోలోనూ ఎవరూ నేర్పని కొలత అది. పలచగా ఉంటే ఆమె వణుకు బయటపడుతుంది, చిక్కగా ఉంటే ఆమె తిప్పలేదు.

"వేలు పెట్టి చూడు," అన్నాడు.

ఇన్నేళ్ళలో పిడి ముట్టుకోనివ్వని మనిషి, మొదటిసారి అతని గ్రీజులో వేలు పెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అద్ది, సాగదీసి చూసింది.

"ఇంకొంచెం బస్సు," అంది.

బావమరిది తల తిప్పుకున్నాడు. నవ్వాడో మరేం చేశాడో మేస్త్రీ చూడలేదు. రాసి, కడ్డీ బిగించి, గొట్టం ఎక్కించి, బాల్కనీలోంచి దూరంగా కనిపించే నీళ్ళ ట్యాంకు వైపు తిప్పాడు. దాని ఒంటికి ఒక ఇనుప నిచ్చెన ఉంది. ఆమె కన్ను పెట్టి, పిడి పట్టుకుని, ఇంకా వణుకుతోంది అంది. మళ్ళీ విప్పాడు. మళ్ళీ కలిపాడు. ఈసారి బరువెక్కువైంది, మణికట్టు నొప్పెట్టింది. మళ్ళీ విప్పాడు. ఎండ బాల్కనీ సగం దాకా వచ్చింది. ఎవరికీ తొందర లేదు.

మధ్యలో ఒకసారి ఆమె వేలి గ్రీజు తుడవడానికి అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గుడ్డ అందుకోవడం మరిచిపోయాడు. ఆగి ఉన్న బస్సు రేకు మీద అరచెయ్యి ఆనిస్తే లోపల ఇంజను తిరుగుతున్న సంగతి తెలుస్తుంది. అలా పట్టి ఏ రోగమో చెప్పేసేవాడు అతను. ఈ చేతిలో తిరుగుతున్నది అతనికి అర్థం కాలేదు. అర్థం కాకుండానే పట్టుకుని ఉన్నాడు.

చివరికి ఆమె కన్ను పెట్టి, పిడి తిప్పడం మొదలుపెట్టి, ఆపకుండా తిప్పుతూ పోయింది. నిచ్చెన అడుగు మెట్టు నుంచి పైకి. మేస్త్రీ స్పానరు కింద పెట్టాడు.

"మెట్లు నిలబడుతున్నాయా?"

"ఒక్కొక్కటీ నిలబడి కనిపిస్తోంది." ఇంకా పైకి తిప్పుతూ, కన్ను తీయకుండానే అంది, "ఇది ఇక్కడే ఉండనివ్వండి. రేపు ఆసుపత్రికి వెళ్దాం. అక్కడ దాచుకోను."

"సరే," అన్నాడు మేస్త్రీ.

డబ్బా అడుగున ఇంకా కొంచెం గ్రీజు మిగిలింది. ఆ చెయ్యి మారినప్పుడల్లా కొలత మారుతుంది, మళ్ళీ విప్పాల్సి వస్తుంది. అతను మూత గట్టిగా బిగించి, అటక మీద పెట్టకుండా, చెయ్యి అందే చోట, కిటికీలో పెట్టాడు.